నేర్చుకొను మనస్సు

ఆటల పోటీలు సమీపించినప్పుడెల్ల పాఠశాల మైదానములో మేమొక వింతను చూచుచుందుము. పరుగులో వెనుకబడిన బాలుడు డ్రిల్లు మాస్టరుగారి మాట చెవియొగ్గి వినును. అందరికంటె ముందు పరుగెత్తువాడు మాత్రము, “నీ చేతులు సరిగా ఊపుటలేదు” అని వారనగానే ముఖము ముడుచుకొనును. గెలుచువానికి దిద్దుబాటు అక్కరలేదని అతని తలంపు. ఈ తలంపు ఆటకును భక్తికిని ఎట్లు చేటు తెచ్చునో కొంచెము విచారింతము.

ఎరిక్ లిడ్డెల్‌గారు 1902లో చైనాదేశమున స్కాట్లండు మిషనెరీ దంపతులకు జన్మించిరి. ఎడింబరో విశ్వవిద్యాలయమున చదువుచు పరుగుపందెములలో ప్రవేశించి ఆదిలోనే జయము పొందిరి. అప్పుడు టామ్ మెక్కెర్చర్ అను శిక్షకుడు వారి కాళ్లను పరీక్షించి, కండరములు మిక్కిలి బిగిసియున్నవనియు, మర్దనచేసి మెత్తబరపనియెడల ఒకనాడు పరుగు మొదలిడునప్పుడే తెగుననియు చెప్పెను. పందెము ముగియగానే తటాలున నిలుచుటయు తప్పేయనెను. తమ గౌరవము మట్టిపాలైనట్లు తోచెనని లిడ్డెల్‌గారు తరువాత నవ్వుచు చెప్పుకొనిరి. అయినను ఆ శిక్షకునికే తమ్మును అప్పగించుకొనిరి. 1924 జూలై 11వ తేదీన పారిస్ ఒలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగును 47.6 సెకనులలో ముగించి బంగారు పతకము నొందిరి.

ఆ క్రీడలలోనే 100 మీటర్ల తొలి పందెములు ఆదివారమున జరుగుచున్నవని వారు అందు పాల్గొనలేదు. కాబట్టి వినయమనగా ఎవరేమి చెప్పినను తలయూపుట కాదు. మనస్సాక్షి విషయమున స్థిరముగా నిలిచినవారే కాళ్ల విషయమున శిక్షకునికి లోబడిరి.

1925లో వారు మిషనెరీగా చైనాకు వెళ్లిరి. 1943లో జపానువారు వారిని ఇతర విదేశీయులతోకూడ నిర్బంధ శిబిరములో ఉంచిరి. అచ్చట ఆదివారమున ఆటలు జరిపించుటకు వారు మొదట సమ్మతింపలేదు. పిల్లలు తమంతట తామే ఆడి తగవులాడుకొనగా, లిడ్డెల్‌గారు మరల ఆలోచించి, ఆదివారమున తామే మధ్యవర్తిగా నిలిచి ఆడించిరి. తమకు కీర్తి తెచ్చిన నియమమునైనను పిల్లల మేలు కొరకు సడలించుట సామాన్యమా? 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరమునందే వారు మరణించిరి.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అపొల్లో అను విద్వాంసుని చూచుచున్నాము. లేఖనములు బాగుగా నెరిగి, ధైర్యముగా బోధించువాడు; అయినను యోహాను బాప్తిస్మమును గూర్చి మాత్రమే అతనికి తెలియును. డేరాలు కుట్టి జీవించు అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు అతని కొరతను గుర్తించి, సభలో అవమానింపక, తమయొద్దకు చేర్చుకొని దేవుని మార్గమును వివరించిరి. ఆ పండితుడు డేరాలు కుట్టువారియొద్ద శిష్యుడయ్యెను. పిమ్మట అకయలోని విశ్వాసులకు మిక్కిలి సహాయకుడయ్యెను. తప్పు దిద్దుకొనువారికేగాక దిద్దువారికిని, అనగా తలిదండ్రులకును ఉపాధ్యాయులకును, ఇందొక పాఠము కలదు.

మేమును దీనిని సులభముగా నేర్చుకొనలేదు. శిక్షణ కళాశాలలో మేము మాదిరిపాఠము చెప్పినప్పుడు, పిల్లలను విడిచి నల్లబల్లతోనే మాటలాడుచున్నామని మా అధ్యాపకులనగా రెండు దినములు మనస్సు కుమిలినది. ఆ మాట నిజమని మూడవనాడుగాని ఒప్పుకొనలేకపోతిమి. ఇప్పటికిని వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, “అయ్యా, లెక్క తప్పినది” అన్నప్పుడు మొదట వచ్చునది కోపమే. దానిని మ్రింగి ఆ బాలునికి కృతజ్ఞత చెప్పుటకు ప్రయత్నించుచున్నాము.

ప్రియ విద్యార్థులారా, ఓడినవాడు నేర్చుకొనుట సహజము. గెలిచినవాడు నేర్చుకొనుటయే వినయము. ఈసారి బహుమానము చేతికందిన దినమున మీ డ్రిల్లు మాస్టరుగారియొద్దకు వెళ్లి, “అయ్యా, నేనింకను దిద్దుకొనవలసినదేమి?” అని అడుగుడు. ఆ రాత్రి ప్రార్థనలో ఆ ప్రశ్ననే దేవుని నడుగుడు.