వంతెన నాడి పట్టే ఉద్యోగం

అశోక్ నగర్‌లో క్లాసు అయిపోయాక చాయ్ తాగుతూ ఒక్కసారి తల పైకెత్తండి. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా సాగే స్టీల్ బ్రిడ్జి కనిపిస్తుంది. 2023 ఆగస్టులో ప్రారంభమైంది, పొడవు సుమారు 2.25 కిలోమీటర్లు. 'ఇది ఎవరు కట్టారు?' అని అందరం అడుగుతాం. 'ఇకపై దీని ఆరోగ్యం ఎవరు చూస్తారు?' అని అడిగేవాళ్లు తక్కువ. సివిల్ చదివినవాళ్లకు ఆ రెండో ప్రశ్నలోనే ఓ కెరీర్ ఉంది. అదే బ్రిడ్జి ఇన్‌స్పెక్షన్.

ఏం చేస్తారు?

ముందు కళ్లతో చూడాలి. కాంక్రీటులో పగుళ్లు, పెచ్చులూడిన చోట్లు, తుప్పు మరకలు, అరిగిన బేరింగులు, పూడుకుపోయిన నీటి గొట్టాలు... ఒక్కోదాన్నీ కొలిచి, ఫొటో తీసి రాసుకోవాలి. స్టీల్ వంతెనైతే వెల్డింగులు, బోల్టులు, పెయింటు చూడాలి. వాగుల మీదైతే నీటి కోతకు పునాది చుట్టూ మట్టి పోయిందేమో చూడాలి.

తర్వాత పరికరాల వంతు. రీబౌండ్ హ్యామర్ కాంక్రీటు పైపొర గట్టిదనాన్ని అంచనా వేస్తుంది. అల్ట్రాసోనిక్ పరీక్షలో ధ్వని తరంగం సెకనుకు 4.5 కిలోమీటర్ల కంటే వేగంగా వెళ్తే కాంక్రీటు చాలా బాగున్నట్టు. వేగం బాగా తగ్గిందంటే లోపల గుల్లలో, పగుళ్లో ఉన్నాయని అనుమానించాలి.

ఎందుకంత ముఖ్యం?

2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో తీగల వంతెన తెగి 135 మంది చనిపోయారు. ఒక ప్రధాన కేబుల్‌లోని 49 తీగల్లో 22 అప్పటికే తుప్పు పట్టి ఉన్నాయని సిట్ ప్రాథమిక నివేదికలో తేలింది. రిపేరు తర్వాత ఆ వంతెనను తెరిచి వారం కూడా కాలేదు.

అందుకే ఈ పనిలో తెలివి ఎంత అవసరమో ధైర్యం కూడా అంతే అవసరం. 'పండక్కి తెరవాలి, బాగుందని రాసెయ్' అనేవాళ్లు ఎదురు కావచ్చు. కానీ రిపోర్టు కింద ఉండేది మీ సంతకమే. ఎత్తులు ఎక్కాలి, ట్రాఫిక్ తగ్గాక రాత్రిళ్లు పని చేయాలి. ఏసీ గది మాత్రమే కావాలనుకుంటే ఇది మీకు సెట్ కాదు.

ఎలా వెళ్లాలి?

సివిల్‌లో డిప్లొమా లేదా బీటెక్ ఉండాలి. ప్రభుత్వం వైపు టీజీపీఎస్సీ ఏఈఈ, ఆర్‌ఆర్‌బీ జూనియర్ ఇంజినీర్ పరీక్షలు దారులు. రైల్వేలో బ్రిడ్జి విభాగానికే ప్రత్యేకంగా జేఈ పోస్టులున్నాయి. ప్రైవేటులో కన్సల్టెన్సీలు, టెస్టింగ్ ల్యాబ్‌లు తీసుకుంటాయి. అక్కడ ఎన్‌డీటీ లెవెల్-2 సర్టిఫికెట్ పనికొస్తుంది. స్ట్రక్చరల్ ఎంటెక్ ఉంటే డిజైన్ వైపూ వెళ్లొచ్చు. చదవడం మొదలుపెట్టాలంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఎస్‌పీ-35 పుస్తకం పట్టుకోండి. వంతెనల తనిఖీ, నిర్వహణకు మార్గదర్శకాలు అందులోనే ఉన్నాయి.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి

హుస్సేన్ సాగర్ మిగులు నీళ్లు పోయే నాలా మీద ఇక్కడే చిన్న వంతెనలున్నాయి. ఫుట్‌పాత్ మీద నిలబడే చూడండి, కిందికి దిగొద్దు. పది ఫొటోలు, రెండు పేజీల రిపోర్టు తయారు చేయండి. చూసింది మాత్రమే రాయండి, ఊహించింది వద్దు. ఇంటర్వ్యూలో 'ప్రాజెక్టు ఏం చేశావ్?' అన్నప్పుడు డౌన్‌లోడ్ చేసిన ప్రాజెక్టు కంటే ఆ రెండు పేజీల గురించే ధీమాగా మాట్లాడగలరు.