ఇంటిగుట్టుకు ఏది తాళంచెవి? వేలిముద్రా, కనుపాపా?

గత నెలలో నిజామాబాద్ జిల్లాలోని మా అక్కగారి ఇంటికి వెళ్ళాను. ఆమెను మేమందరం ఆపా అని పిలుస్తాము. నలభై ఏళ్ళు బీడీలు చుట్టి పిల్లలను పెంచిన మనిషి. ఆమె వేలికొనలు అరిగి నున్నబడ్డాయి. కుమారుడు కొనిచ్చిన స్మార్ట్‌ఫోను ఆమె బొటనవేలిని గుర్తుపట్టదు. నాలుగైదు సార్లు ఒత్తి విసిగిపోయి, చివరకు ఫోను కవరులో దాచుకున్న చీటీ తీసి, దానిమీది నాలుగంకెలు చూసి తాళం తీస్తున్నది. “కన్ను చూసి తెరుచుకునే ఫోన్లున్నాయట కదా తమ్ముడూ, వేలిముద్ర బదులు అదే మేలేమో?” అని అడిగింది.

ప్రశ్న చిన్నదే. కాని ఈనాడు కుటుంబపు సొమ్ము, ఛాయాచిత్రాలు, ఆంతరంగిక సంభాషణలు అన్నీ ఆ తాళం వెనుకనే ఉన్నాయి.

రెండు గుర్తులు

వేలికొనల మీది గీతలు, కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయంలోని నేత శిశువు మాతృగర్భంలో ఉండగానే రూపు దిద్దుకుంటాయి. ఆ వలయాన్నే ఐరిస్ అంటారు. కవలలలో సైతం ఇవి ఒకటిగా ఉండవు. ఒకే మనిషి కుడి, ఎడమ కన్నులలోని ఐరిస్‌లు కూడా వేరువేరే. ఈ నేతను అంకెలుగా మార్చి పోల్చే పద్ధతిని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు జాన్ డాగ్‌మన్ 1990ల తొలినాళ్ళలో రూపొందించారు. 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో ఫోటో తీయబడిన ఆఫ్ఘన్ బాలికను 2002లో తిరిగి కనుగొన్నప్పుడు, ఆమెయే ఈమె అని ధ్రువపరచినది కూడా ఈ పద్ధతియే.

మన నల్లని కన్నులలో ఈ నేత మామూలు వెలుతురులో స్పష్టంగా కనిపించదు. అందుచేత యంత్రం పరారుణ కాంతిని ప్రసరింపజేసి చిత్రం తీస్తుంది.

అనుభవం చెప్పినదేమిటి?

2013 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ వేలిముద్రతో తెరుచుకునే ఐఫోన్ 5ఎస్‌ను విడుదల చేసింది. కొద్ది రోజులకే జర్మనీలోని కేయాస్ కంప్యూటర్ క్లబ్ సభ్యులు, గాజు మీద పడిన వేలిముద్రను ఫోటో తీసి, దాని నకలుతో ఆ తాళాన్ని తెరిచి చూపారు. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది కార్యాలయం నుండి 56 లక్షల మంది వేలిముద్రలు దొంగిలింపబడ్డాయి.

కన్ను ఇంతకంటే భద్రమని తలచి 2017లో సామ్‌సంగ్ సంస్థ గెలాక్సీ ఎస్8లో ఐరిస్ తాళాన్ని అమర్చింది. అదే సంవత్సరం మే నెలలో ఆ క్లబ్ వారే, యజమాని కంటి ఫోటోను కాగితంపై ముద్రించి, దానిమీద కాంటాక్ట్ లెన్సు నొకదానిని ఉంచి ఆ ఫోనునూ తెరిచారు. 2019 నాటి ఎస్10లో సంస్థ ఐరిస్‌ను విరమించుకొని, తెర క్రిందనే వేలిముద్రను అమర్చింది. ఆ ఏడు అక్టోబరులో, కొన్ని రకాల తెర తొడుగులు వేస్తే ఎవరి వేలికైనా ఆ ఫోను తెరుచుకుంటున్నదని బయటపడింది. కనుక ఏ ఒక్కటీ దోషరహితం కాదు.

ఎవరికి ఏది?

ఐరిస్‌కు కొన్ని సుగుణాలున్నాయి. అరిగిన వేళ్ళ శ్రమజీవులకు అది ఉపకరిస్తుంది. వుజూ చేసి వచ్చిన తడిచేతులు దానికి అడ్డు కావు. నిఖాబ్ ధరించిన సోదరి ముఖాన్ని ఫోను గుర్తించలేకపోయినా, ఆమె కన్నులు కనిపిస్తూనే ఉంటాయి. అన్నింటికంటే ముఖ్యంగా, నిద్రించే వ్యక్తి వేలిని ఎవరైనా ఫోనుకు తాకించవచ్చు. మూసిన కనురెప్పల వెనుక ఐరిస్ కనబడదు. అయితే ఎండ తీక్షణత, కళ్ళజోడు అద్దాల తళుకు దానికి ఆటంకాలు. ప్రతిసారీ ఫోనును కంటి ఎదుటికి తెచ్చి నిలపాలి.

కాని అసలు సంగతి వేరొకటి. వేలిముద్ర గాని, కన్ను గాని రహస్యం కావు. ముట్టిన ప్రతి వస్తువు మీదా వేలిముద్ర పడుతుంది. కన్ను లోకానికి కనిపిస్తూనే ఉంటుంది. రహస్య సంఖ్య బయటపడితే మార్చుకోగలం. వేళ్ళు పది, కన్నులు రెండు, వాటిని మార్చుకోలేము. అందుకే ఫోన్లు సైతం ఆపివేసి తిరిగి వెలిగించినప్పుడు శరీరపు గుర్తును కాక ఆ సంఖ్యనే అడుగుతాయి.

కాబట్టి ఐరిస్ వేలిముద్రకు తోడుగా ఉండవచ్చును గాని, దానిని తొలగించి ఏకైక ద్వారం కారాదని నా అభిప్రాయం. రెండింటికీ పునాది రహస్య సంఖ్యయే. నాలుగంకెలతో పదివేల సంఖ్యలే వస్తాయి; ఆరంకెలతో పది లక్షలు వస్తాయి. పుట్టినతేదీ, ఫోను నంబరు వాడరాదు. ఆధార్‌లో మన పది వేళ్ళు, రెండు కన్నులు నమోదై ఉన్నాయి. వాటికి వేసుకోగల బయోమెట్రిక్ తాళాన్ని అవసరం లేనప్పుడు వేసి ఉంచడం మేలు.

ఇక ఇంటిలోని వారి సంగతి. పరుల ఇంటిలోనికి అనుమతి లేనిదే ప్రవేశించరాదని అన్నూర్ సూరా మనకు నేర్పింది. నిద్రిస్తున్న భర్త వేలితో గాని, తల్లి వేలితో గాని ఫోను తెరవడం ఆ మర్యాదను దాటడం కాదా? ఏ యంత్రమూ ఈ తాళం వేయలేదు.

ఆ సాయంత్రం ఆపా ఎడమచేతి ఉంగరపు వేలిని నమోదు చేసి చూశాము. బీడీ ఆకుల ఒరిపిడి అంతగా తగలని ఆ వేలిని ఫోను గుర్తించింది. తరువాత ఆమె తనకు మాత్రమే గుర్తుండే ఆరంకెలను ఎంచుకున్నది. అవేమిటో నాకు చెప్పబోతే వారించాను. చీటీని తానే చింపి పొయ్యిలో వేసింది.