ఆ ఒక్క రాత్రి కచేరీ

1883లో విజయనగరంలో ఒక హరికథ జరిగింది. చెప్పినాయన మద్రాసు వైపు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడు. విన్నవాళ్లలో 19 ఏళ్లు నిండీ నిండని కుర్రాడొకడున్నాడు. పద్యం కట్టడం, పాట పాడటం అతనికి అప్పటికే వచ్చు. కానీ ఒకే మనిషి నిలబడి కథ చెబుతూ, మధ్యమధ్య పాడుతూ, అడుగు వేస్తూ సభనంతా గుప్పిట్లో పెట్టుకోవడం చూసి అతనికి కుదురు లేకుండా పోయింది. ఆ ఏడే ధ్రువ చరిత్రను హరికథగా రాసుకుని, తనే కాలికి గజ్జె కట్టి జనం ముందుకొచ్చాడు. ఆయనే తర్వాత హరికథా పితామహుడని పేరుపొందిన ఆదిభట్ల నారాయణదాసు.

ఆ కథ అక్కడితో ఆగలేదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ నారాయణదాసే. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల వారాలు చేసుకుంటూ, జోలె పట్టి చదువుకున్నది ఆ కళాశాలలోనే. పి. సుశీల సంగీతం నేర్చుకున్నదీ అక్కడే. ఎవరో భాగవతార్ తన పని తాను చేసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి విన్న కుర్రాడి వెనక ఎంత పాట నడిచి వచ్చిందో తెలుగువాళ్లందరికీ తెలుసు.

ఇలాంటి కథలు ఏ దేశంలో వెతికినా దొరుకుతాయి. వయొలిన్ మేధావి యెహుది మెనుహిన్‌ను పసితనంలోనే తల్లిదండ్రులు శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీ కచేరీలకు వెంటబెట్టుకెళ్లేవారు. వాద్యబృందంలో ముందు వరసలో కూర్చుని వాయించే లూయీ పెర్సింగర్ మీదే పిల్లాడి చూపంతా. నాలుగో పుట్టినరోజుకి ఏం కావాలంటే, వయొలినూ కావాలి, నేర్పడానికి ఆ పెర్సింగరూ కావాలన్నాడు. ఎవరో ముచ్చటపడి రేకు బొమ్మ వయొలిన్ ఇస్తే, అది పలకడం లేదని విసిరికొట్టాడు. చివరికి పెర్సింగర్ దగ్గరే శిష్యరికం చేశాడు.

అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్‌ది మరో రకం అనుభవం. 1959 జనవరి 31న మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్ ఊళ్లో బడ్డీ హాలీ పాడాడు. డిలన్‌కి అప్పుడు 17 ఏళ్లు. మూడు రోజులు తిరక్కుండానే, ఫిబ్రవరి 3న, విమాన ప్రమాదంలో హాలీ చనిపోయాడు. అతని వయసు 22. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 1998లో గ్రామీ అవార్డు అందుకుంటూ డిలన్ ఆ రాత్రినే తలుచుకున్నాడు. హాలీకి మూడు అడుగుల దూరంలో ఉన్నాననీ, అతను తన వంక చూశాడనీ చెప్పాడు. 2017లో నోబెల్ ఉపన్యాసాన్నీ హాలీతోనే మొదలుపెట్టాడు. ఈసారి దూరం ఆరు అడుగులైంది. చూపు మాత్రం అలాగే ఉంది. ఎంత దూరంలో నిలబడ్డామన్నది మరిచిపోవచ్చు, ఆ చూపు మాత్రం మరపున పడలేదు.

ఆ వయసులో విన్నదే ఎందుకంత గట్టిగా పట్టుకుంటుంది? జ్ఞాపకాల మీద పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా ఒక సంగతి గమనిస్తున్నారు. నడివయసు దాటినవాళ్లను గుర్తున్న ఘటనలు చెప్పమంటే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే మిగతా వయసులకన్నా ఎక్కువగా చెబుతారు. పాటల ఇష్టంలోనూ ఇదే ధోరణి ఉంది. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు వేర్వేరు వయసులవాళ్లకు వేర్వేరు కాలాల పాటలు వినిపించారు. తమకు 23, 24 ఏళ్లున్నప్పుడు ఊరంతా మోగిన పాటలకే జనం ఎక్కువ మార్కులు వేశారు. నేనెవరిని, నాకేది ఇష్టం, ఎవరితో కలవాలి అని తేల్చుకునే కాలం అది. పైగా చాలా సంగతులు జీవితంలో మొదటిసారి జరిగేది అప్పుడే.

రికార్డుకూ కచేరీకీ తేడా ఒంటికి తెలుస్తుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పరిశోధన కోసమే కట్టిన ఒక చిన్న కచేరీ హాలుంది. అక్కడ ఒక ఎలక్ట్రానిక్ సంగీత కార్యక్రమం జరుగుతుండగా, చెవికి అందనంత మంద్రంగా మోగే స్పీకర్లను కాసేపు వేస్తూ, కాసేపు ఆపేస్తూ పోయారు. అవి మోగుతున్నాయో లేదో శ్రోతలు పోల్చుకోలేకపోయారు. కానీ తలకు కట్టిన పట్టీలతో కొలిస్తే, స్పీకర్లు మోగినప్పుడు వాళ్ల కదలిక 11.8 శాతం పెరిగింది. 2022లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. డప్పు మోత గుండెలో తగులుతుందని మన పల్లెల్లో అనే మాట ఉత్తి అతిశయోక్తి కాదు.

అయితే కచేరీ గొప్పగా ఉంటేనే ముద్ర పడుతుందనుకుంటే పొరపాటు. 1976 జూన్ 4న ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, ఫ్రీ ట్రేడ్ హాల్ పైన ఉన్న చిన్న హాల్లో సెక్స్ పిస్టల్స్ అనే బృందం వాయించింది. ఏర్పాటు చేసింది ఇద్దరు కుర్రాళ్లు, హోవర్డ్ డివోటో, పీట్ షెల్లీ. వచ్చినవాళ్లు నలభై మందికి అటూ ఇటూ. వాద్యం మీద పెద్ద పట్టున్నవాళ్లేం కాదు, మోత ఎక్కువ, మర్యాద తక్కువ. విన్నవాళ్లలో ఇరవయ్యేళ్ల పీటర్ హుక్ మర్నాడే వెళ్లి బేస్ గిటార్ కొనుక్కున్నాడు. అతనూ, అతని స్నేహితుడు బెర్నార్డ్ సమ్నర్ కలిసి పెట్టిన బృందమే తర్వాత జాయ్ డివిజన్ అయింది. అక్కడే ఉన్న పదిహేడేళ్ల మారిసీ తర్వాత ద స్మిత్స్ బృందం గాయకుడయ్యాడు. డివోటో, షెల్లీల సొంత బృందం బజ్‌కాక్స్ ఆనాటికి ఇంకా తయారుకాలేదు. జూలై 20న అదే హాల్లో పిస్టల్స్ మళ్లీ వచ్చినప్పుడు ముందు వాయించింది. అసలు హాల్లో ఉన్నవాళ్లకన్నా ఉన్నామని చెప్పుకునేవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువని ఆ ఊళ్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఈ కథలన్నిట్లో ఉమ్మడిగా ఉన్నది ఒకటే, దగ్గరితనం. అంత దగ్గర్నుంచి చూసిన పిల్లలకు పాట ఆకాశం నుంచి ఊడిపడదని తెలుస్తుంది. చెమట పట్టడం, శ్రుతి సరిచేసుకోవడం, పక్కవాద్యం వైపు చిన్న సైగ, గొంతు పట్టేస్తే మంచినీళ్లు తాగడం, అన్నీ కళ్లెదుటే జరుగుతాయి. ఇది మనిషి చేసే పనే, అయితే నేనూ చేయొచ్చు అన్న ధైర్యం అక్కడ పుడుతుంది.

తెలుగు ఊళ్లలో ఆ దగ్గరితనానికి కొదవ ఉండేది కాదు. శ్రీరామనవమి పందిట్లో వేదికకు ఆనుకుని చాపల మీద కూర్చునేది పిల్లలే. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల పసివాడుగా తండ్రి భుజాలెక్కి సభలకు వెళ్లేవాడు. తండ్రి మృదంగం వాయిస్తే చిందులు వేసి ‘బాల భరతుడు’ అనిపించుకున్నాడు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్లప్పుడే విజయవాడ ఆరాధనోత్సవంలో పాడారు. హరికథకుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ మురళీకృష్ణ పేరుకు ముందు ‘బాల’ చేర్చారు. పాలకొల్లు పిల్లాడు ఉప్పలపు శ్రీనివాస్ 1978లో తొమ్మిదేళ్ల వయసులో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మాండొలిన్ మీటాడు. అలాంటి వేదిక మీద తమ ఈడు పిల్లాణ్ణి చూస్తే కింద కూర్చున్న పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు.

ఇంట్లో పిల్లలుంటే కచేరీకి తీసుకెళ్లడం పెద్ద పనేమీ కాదు. ముందు వరసలో కూర్చోబెట్టండి. నిద్రొస్తే మధ్యలోనే లేచి వచ్చేయండి, మూడు గంటలూ వినాలన్న నియమం లేదు. కార్యక్రమం అయ్యాక మృదంగమో వీణో దగ్గరగా చూపించమని అడిగితే చాలామంది కళాకారులు సంతోషంగా చూపిస్తారు. పెద్ద స్పీకర్లు పెట్టే సినీ సంగీత విభావరులకైతే స్పీకర్ల పక్కన కూర్చోకండి, పిల్లల చెవులకు రక్షణ పెట్టండి. వేదికల దగ్గర సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. ఏటా పుష్య బహుళ పంచమికి, త్యాగరాజ ఆరాధన రోజున, తిరువయ్యూరులోనే కాదు, మన ఊళ్లలోనూ పంచరత్న కీర్తనలు పాడతారు. చాలాచోట్ల టిక్కెట్టు ఉండదు. ఈసారి మీ ఊళ్లో ఎక్కడ పాడుతున్నారో కనుక్కుని పిల్లల్ని వెంటబెట్టుకెళ్లండి.