కుంచె పట్టలేని చేతులకు

చేతివేళ్లకు పట్టు లేని పిల్లవాడికి కుంచె ఇచ్చి "బొమ్మ వెయ్యి నాయనా" అంటే ఏం వేస్తాడు? కుంచె జారిపోతుంది. వాడు చిన్నబుచ్చుకుంటాడు, మనం నిట్టూరుస్తాం. కాని కుంచె లేకపోతే బొమ్మ లేదా అండీ?

ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు హెన్రీ మాటిస్‌కు 1941లో కడుపుకి పెద్ద ఆపరేషన్ అయింది. ఆ తరువాత ఎక్కువ కాలం మంచంమీద, చక్రాల కుర్చీలో గడిపారు. అయినా పని మానలేదు. సహాయకులు కాగితాలకు రంగులు పూసి ఇస్తే, ఆయన కత్తెరతో ఆకారాలు కత్తిరించేవారు. ఏ ముక్క ఎక్కడో ఆయన చెబితే వాళ్లు గోడకు గుచ్చేవారు. 1953 నాటి 'నత్త' అలా పుట్టిందే. ఒక్కో వైపు 9 అడుగుల పైనే!

మనమూ చేయిద్దాం. రంగు కాగితాలు, పాత కేలండర్లు చాలు. కత్తెర పట్టలేని బిడ్డ చేత్తో చింపవచ్చు; అంచు కాస్త ముందుగా మీరు చింపి ఉంచండి. అట్టను బల్లకు టేపుతో అంటిస్తే కదలదు. జిగురుకి ఉడికించిన మైదా ఉండనే ఉంది. కంటిచూపు తక్కువగా ఉన్నవారికి గరుకు కాగితం, పట్టుగుడ్డ ముక్కలు ఇవ్వండి, తడిమి ఎంచుకుంటారు. చేతులు బొత్తిగా కదపలేని బిడ్డకు రెండు ముక్కలు చూపించి, చూపు దేనిమీద నిలిస్తే దాన్ని అంటించండి.

ఒక్కటే జాగ్రత్త. వంకరగా ఉందని మనం సర్దకూడదు. మాటిస్ సహాయకులు ఆయన చెప్పిన చోటే గుచ్చారు గాని, తమకు నచ్చిన చోట కాదు. చేతులు మనవైనా, బొమ్మ బిడ్డదే కావాలి.