వంపుమూతి పటకారు

వంపుమూతి పటకారు ఒక చేతి పనిముట్టు. దీని దవడలు పొడవుగా, కొసకు పోనుపోను సన్నగా ఉండి, చివరి భాగం ఒక పక్కకు వంగి ఉంటుంది. వాడుకలో దీనిని బెంట్ నోస్ ప్లయర్ అంటారు. వేళ్ళు దూరని ఇరుకు స్థలాలలో ఉన్న తీగలు, పిన్నులు, క్లిప్పులు, చిన్న స్ప్రింగుల వంటి వాటిని పట్టుకోవడానికి, లాగడానికి, వంచడానికి ఇది ఉపయోగపడుతుంది. ఎలక్ట్రీషియన్లు, మోటారు మెకానిక్కులు, ఎలక్ట్రానిక్ పరికరాలు బాగుచేసేవారు, కుట్టుమిషను మెకానిక్కులు, నగల పనివారు దీనిని ఎక్కువగా వాడతారు.

పేరు

పటకారు అనగానే తెలుగువారికి ముందుగా పొయ్యి మీద నుండి వేడి గిన్నె దించే వంటింటి సాధనం గుర్తుకు వస్తుంది. కార్ఖానాలలోను, దుకాణాలలోను ప్లయర్, కటింగ్ ప్లయర్, నోస్ ప్లయర్ అనే మాటలే వినిపిస్తాయి. జర్మన్ భాషలో ఈ రకం పనిముట్టుకు "కొంగముక్కు పటకారు" అనే అర్థం వచ్చే పేరు ఉంది. జర్మనీలోని వుప్పర్టాల్ నగరంలో 1882లో మొదలైన క్నిపెక్స్ సంస్థ తయారుచేసే నమూనాలలో 40 డిగ్రీల వంపు గలది ప్రసిద్ధమైనది. భారతదేశంలో పంజాబ్‌లోని జలంధర్, లూధియానా చేతి పనిముట్ల తయారీకి పేరుపొందిన కేంద్రాలు.

నిర్మాణం

ఈ పనిముట్టులో ప్రధానంగా నాలుగు భాగాలు ఉంటాయి.

* దవడలు: వీటి లోపలి తలంపై పట్టు జారకుండా సన్నని గాట్లు ఉంటాయి. నగల పనికి వాడే వాటిలో లోహంపై గీతలు పడకుండా ఈ తలం నున్నగా ఉంటుంది.
* కోత అంచు: కొన్ని నమూనాలలో కీలుకు దగ్గరగా తీగను కత్తిరించే అంచు ఉంటుంది.
* కీలు: రెండు సగాలను కలిపే భాగం. దీని చుట్టూనే దవడలు తెరుచుకుని మూసుకుంటాయి.
* చేతిపిడులు: సాధారణంగా వీటికి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది.

ఎర్రగా కాల్చిన ఉక్కును అచ్చులో కొట్టి దవడలకు రూపం ఇస్తారు. తరువాత కాల్చి చల్లార్చి గట్టిపరుస్తారు. అలా గట్టిపడిన ఉక్కు పెళుసుగా ఉంటుంది కనుక మరల కొంత వేడిచేసి పెళుసుతనం తగ్గిస్తారు. మేలురకం పనిముట్లలో క్రోమియం, వనాడియం కలిసిన ఉక్కును వాడతారు.

పనిచేసే సూత్రం

పటకారు మొదటి రకానికి చెందిన రెండు తులాదండాల జత. కీలు ఆధారబిందువు. చేతిపిడిపై ప్రయోగించిన బలం, కీలు నుండి పట్టు వరకు గల దూరాన్నిబట్టి మారుతుంది. ఉదాహరణకు, కీలుకు 100 మి.మీ. దూరంలో 60 న్యూటన్ల బలంతో నొక్కితే, 15 మి.మీ. దూరంలో ఉన్న కోత అంచు వద్ద 400 న్యూటన్ల బలం కలుగుతుంది. అదే 60 మి.మీ. దూరంలో ఉన్న మూతి కొస వద్ద 100 న్యూటన్లు మాత్రమే. అందువల్ల కొసతో గట్టి పట్టు ఆశించరాదు.

వంపు వల్ల మరొక మార్పు కలుగుతుంది. దవడలు చేతిపిడుల తలంలోనే తెరుచుకుంటాయి గాని, మూతి ఆ తలం నుండి బయటికి వంగి ఉంటుంది. కొసతో నొక్కినప్పుడు ఎదురుబలం ఆ తలానికి పక్కగా పనిచేసి దవడను మెలితిప్పుతుంది. వంగిన భాగం పొడవు 20 మి.మీ. అనుకుంటే, 90 డిగ్రీల వంపులో కొస ఆ తలానికి 20 మి.మీ. దూరంలో ఉంటుంది. 45 డిగ్రీల వంపులో ఈ దూరం సుమారు 14 మి.మీ. మాత్రమే. దూరం పెరిగేకొద్దీ మెలి పెరుగుతుంది. వంపు ఎక్కువైనవాటి కొసలు త్వరగా పక్కకు జరిగిపోవడానికి కారణం ఇదే.

ఎంపిక

పనినిబట్టి వంపును ఎంచుకోవాలి. తిన్నని మూతితో పనిచేసేటప్పుడు చెయ్యి, వస్తువు, కన్ను ఒకే గీతపై ఉంటాయి కనుక చెయ్యే చూపుకు అడ్డు వస్తుంది. 45 డిగ్రీల వంపులో చెయ్యి పక్కకు తప్పుకుంటుంది, పని కంటికి కనబడుతుంది. స్విచ్ బోర్డు పెట్టెలు, ఇంజను పక్కన ఉండే రబ్బరు గొట్టాల క్లిప్పులు వంటి సాధారణ పనులకు ఇది అనువైనది. ఒక్కటే కొనదలచినవారికి దాదాపు 45 డిగ్రీల వంపు గలదే మేలు. పైన అడ్డు ఉండి, పక్క నుండి మాత్రమే పనిముట్టును చొప్పించగల చోట్ల 90 డిగ్రీల వంపు అవసరమవుతుంది.

పొడవు విషయంలో 150 లేదా 160 మి.మీ. చిన్న పనులకు, 200 మి.మీ. సాధారణ పనులకు, 280 మి.మీ. వాహనాల ఇంజన్ల లోతైన భాగాలకు సరిపోతాయి.

కొనేముందు దుకాణంలోనే ఈ కింది పరీక్షలు చేయవచ్చు.

# దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. కొసలు ముందుగా కలవాలి. ఒకదానిపై ఒకటి పక్కకు జరిగి ఉండరాదు.
# పలుచని కాగితాన్ని కొసలతో పట్టి లాగాలి. కాగితం జారితే పట్టు సరిగా లేదని అర్థం.
# చేతిపిడులను అటూ ఇటూ కదిపి చూడాలి. కీలు వదులుగా ఊగరాదు, బిగుసుకుపోనూ రాదు.

వాడే విధానం

ముందుగా వస్తువును ఏ దిశలో లాగాలో నిర్ణయించుకోవాలి. ఉదాహరణకు స్ప్లిట్ పిన్ను తీయాలంటే, మొదట దాని విడిపోయిన కాళ్ళను తిన్నగా చేయాలి. తరువాత రెండవ వైపున ఉన్న తలను పట్టి, పిన్ను ఉన్న గీత వెంటే లాగాలి. ఏటవాలుగా లాగితే పిన్ను రంధ్రంలోనే విరిగిపోవచ్చు.

వీలైనంతవరకు వస్తువు దవడల లోపలికి వచ్చేటట్లు పట్టుకోవాలి. కొస అంచుతో పట్టినప్పుడు బలం తగ్గించాలి. 90 డిగ్రీల మూతితో పిన్నును పట్టి చేతిపిడిని తిప్పితే అది పానా వలె పనిచేస్తుంది. చేతికి తేలికగా అనిపించే ఈ మలుపులో సన్నని కొసపై పడే భారం చాలా ఎక్కువ. తీగ కొసను మర చుట్టూ చుట్టేటప్పుడు ఆ ముడి గడియారపు ముళ్ళు తిరిగే దిశలో ఉండాలి. అప్పుడు మర బిగించేకొద్దీ ముడి మూసుకుంటుంది.

విద్యుత్ భద్రత

రంగురంగుల ప్లాస్టిక్ తొడుగు ఉన్నంత మాత్రాన ఆ పనిముట్టు విద్యుత్తు నుండి రక్షిస్తుందని భావించడం ప్రమాదకరం. చాలా తొడుగులు చేతికి సౌకర్యం కోసం వేసినవే. విద్యుత్ పనులకు ఉద్దేశించిన పనిముట్లకు ఐఈసీ 60900 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ ప్రమాణం ప్రకారం తయారైనవాటిపై రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్టులు అనే అంకె ముద్రించి ఉంటాయి. వాటిని 10,000 వోల్టుల వద్ద పరీక్షిస్తారు.

ఆ గుర్తు ఉన్నప్పటికీ ఇంటి పనులలో ముందుగా మెయిన్ స్విచ్ కట్టివేసి, టెస్టరుతో సరిచూసుకున్న తరువాతనే పని మొదలుపెట్టాలి. చేతిపిడులకు రక్షణ ఉన్నా దవడలు లోహమే. వంగిన మూతి మలుపు, కంటికి కనబడని పక్క తీగకు తగలవచ్చు. 230 వోల్టుల ఫేజు, న్యూట్రలు కొసల మధ్య అది అడ్డుపడితే పెద్ద మెరుపుతో చెయ్యి, కళ్ళు కాలే ప్రమాదం ఉంది. కెపాసిటర్లు ఉన్న పరికరాలలో సరఫరా ఆపిన తరువాత కూడా విద్యుత్తు నిలువ ఉండవచ్చు. తొడుగు పగిలిన పనిముట్టును విద్యుత్ పనులకు వాడరాదు.

చేయకూడని పనులు

* బిగుసుకున్న నట్లను దీనితో విప్పరాదు. నట్టు మూలలు అరిగిపోతాయి, దవడలు మెలిపడతాయి. ఆ పనికి పానా వాడాలి.
* స్ప్రింగు తీగ వంటి గట్టి తీగలను కత్తిరించరాదు. కోత అంచు విరుగుతుంది. మామూలు తీగ కత్తిరించినా ముక్క ఎగిరిపడవచ్చు కనుక కళ్ళద్దాలు ధరించాలి.
* మంటలో వస్తువులను పట్టుకోరాదు. అధిక వేడికి ఉక్కు గట్టిదనం పోతుంది.
* సుత్తిగా వాడరాదు. చేతిపిడులకు గొట్టాలు తొడిగి పొడవు పెంచరాదు.

సంరక్షణ

పని పూర్తయిన తరువాత పొడిగుడ్డతో తుడిచి, కీలుపై ఒక చుక్క మిషను నూనె వేసి, నాలుగైదుసార్లు తెరిచి మూయాలి. గాట్లలో చేరిన మురికిని చిన్న బ్రష్షుతో తీయాలి. తీరప్రాంతాలలో గాలిలోని ఉప్పు, తేమ వల్ల త్వరగా తుప్పు పడుతుంది కనుక పలుచగా నూనె పూసి భద్రపరచాలి. కొసలు పక్కకు జరిగిపోతే సుత్తితో కొట్టి సరిచేయడం వల్ల ప్రయోజనం ఉండదు. గట్టిపరచిన ఉక్కు ఆ దెబ్బకు పగులు పట్టి, తరువాత పని మధ్యలో విరగవచ్చు. అటువంటి దానిని మార్చడమే క్షేమం.

ఇవి కూడా చూడండి

* పటకారు
* పానా
* తులాదండం
* స్క్రూడ్రైవర్