కానుకతో రక్షణ వస్తుందా? అపోహలు – వాస్తవాలు

డబ్బుకూ రక్షణకూ సంబంధం ఏమిటన్న ప్రశ్నతో మొదలైన వివాదంలోనే 16వ శతాబ్దంలో పశ్చిమ క్రైస్తవ లోకం చీలిపోయింది. ఆ చీలికకు రెండు వైపులా ఉన్న శాఖలు పులికాట్ సరస్సు చుట్టూ కనిపిస్తాయి. దక్షిణపు ఒడ్డున, తమిళనాడు వైపు పళవేర్కాడులో, పోర్చుగీసుల కాలం నాటి మహిమ మాత కథోలిక గుడి ఉంది. అది 1515 నాటిదని చెబుతారు. 1613లో అదే ఊళ్ళో గెల్డ్రియా కోట కట్టిన డచ్చివారు ప్రొటెస్టెంట్లు. సరస్సుకు పడమట సూళ్ళూరుపేట ప్రాంతంలో 1865లో జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ పని మొదలుపెట్టింది. నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి దాకా పాకిన ఆ మిషనే నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి మూలం. ఉత్తరాన నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840 నుంచీ ఉన్నారు. ఇప్పుడు ఊరూరా పెంతెకొస్తు మందిరాలు వెలిశాయి. ఆరాధన తీరులో వీటికి పోలిక తక్కువ. రక్షణను డబ్బుతో కొనలేమన్న బోధ మాత్రం అన్నిటిదీ. అయినా ఈ విషయంలో అపోహలు బయటివారిలోనే కాదు, విశ్వాసుల్లోనూ బలంగా ఉన్నాయి.

అపోహ: కానుక వేస్తే పాపం పోతుంది.

మధ్యయుగాల ఐరోపాలో ఈ నమ్మకం బాగా పాకింది. కథోలిక సిద్ధాంతం ప్రకారం, సంఘం ఇచ్చే పాపవిమోచన పత్రం (ఇండల్జెన్స్) పాపాన్ని క్షమించదు. క్షమాపణ పొందిన పాపానికి ఇంకా అనుభవించాల్సిన శిక్షను తగ్గిస్తుందంతే. జనానికి ఈ తేడా అందలేదు. రోమ్‌లో సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణానికి సొమ్ము కూడగడుతూ యోహాన్ టెట్జెల్ వంటి బోధకులు పత్రాలను అంగడి సరుకులా అమ్మారు. 1517లో మార్టిన్ లూథర్ 95 వాదాలు రాసింది దీన్ని నిరసిస్తూనే. ఆ తర్వాత కథోలిక సంఘం కూడా దిద్దుబాటుకు దిగింది. 1567లో ఐదో పయస్ పోపు డబ్బుతో ముడిపడిన విమోచన పత్రాలను రద్దు చేశాడు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కథోలికులూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా కలిసి, మనిషి నీతిమంతుడయ్యేది దేవుని కృప వల్లే తప్ప తన గొప్పతనం వల్ల కాదని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు.

అలాగని మంచి పనులకు విలువ లేదనుకోవడం మరో పొరపాటు. రక్షణ క్రియల వల్ల కాదని చెప్పిన ఎఫెసీయుల పత్రిక రెండో అధ్యాయమే, వెంటనే, మనిషిని దేవుడు సత్క్రియల కోసం సిద్ధం చేశాడంటుంది. ఆకలితో ఉన్నవాడికి తిండి పెట్టకుండా దీవెన మాటలు చెప్పి పంపడం వల్ల ఏం లాభమని యాకోబు పత్రిక నిలదీస్తుంది. ఈ బోధలో దానం రక్షణకు ఫలితం, వెల కాదు.

అపోహ: ధనవంతుడికి పరలోకం లేదు.

ధనవంతుడు దేవుని రాజ్యంలో చేరడం కన్నా ఒంటె సూది బెజ్జంలో దూరడం తేలికన్న యేసు మాట అందరికీ తెలిసిందే. ఆ మాట తీవ్రతను తగ్గించడానికి, సూది బెజ్జమన్నది యెరూషలేములో ఒక ఇరుకు ద్వారం పేరని, ఒంటె బరువు దించి మోకరిల్లితే పట్టేదని ప్రసంగాల్లో చెబుతుంటారు. ఆ కాలంలో అలాంటి ద్వారం ఉన్నట్టు ఏ ఆధారమూ లేదు. యేసు చెప్పింది అసాధ్యం గురించే. అలాగైతే ఎవరికి రక్షణ అని శిష్యులు దిగులుపడితే, మనుషులకు కానిది దేవునికి సాధ్యమన్నాడు. ఆస్తంతా అమ్మమని యేసు చెప్పింది, ఈ మాటకు ముందు తన దగ్గరికి వచ్చిన ఒక ధనిక యువకుడికి. సుంకాలు వసూలు చేసే జక్కయ్య ఆస్తిలో సగం పేదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని అంటే, యేసు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. అరిమతయియ యోసేపు ధనవంతుడే. ఊదారంగు వస్త్రాలమ్మే లూదియ వ్యాపారస్తురాలే. తిమోతికి రాసిన మొదటి పత్రిక కీడులకు మూలమని చెప్పేది డబ్బును కాదు, డబ్బు మీది ఆశను.

అపోహ: ఐశ్వర్యం దేవుని మెప్పుకు గుర్తు, పేదరికం శాపం.

నేటి తెలుగు క్రైస్తవ సమాజంలో అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తున్న అపోహ ఇదే. 20వ శతాబ్దపు అమెరికాలో బలపడిన ఐశ్వర్య సువార్తలో దీని వేళ్ళున్నాయి. కానుకను విత్తనంగా నాటితే నూరంతలు పంట వస్తుందన్న బోధను ఓరల్ రాబర్ట్స్ వంటి ప్రసంగీకులు ప్రచారం చేశారు. టీవీ ద్వారా అది ఇక్కడి పల్లెలకూ చేరింది. నూరంతల మాట మార్కు సువార్త పదో అధ్యాయంలో ఉంది. ఆ వాక్యంలోనే హింసలు కూడా వస్తాయని ఉంది, దాన్ని వదిలేస్తారు. సర్వం పోగొట్టుకున్న యోబును స్నేహితులు పాపివన్నారు. తప్పు ఆ స్నేహితులదేనని గ్రంథం తేల్చింది. యేసు చెప్పిన కథలో, ధనవంతుడి గుమ్మం దగ్గర కురుపులతో పడివున్న లాజరు అబ్రాహాము చెంతకు చేరాడు, లోపల విందులు చేసినవాడు చేరలేదు.

పులికాట్ చరిత్రే ఈ అపోహకు జవాబు. 17వ శతాబ్దంలో డచ్చి కంపెనీ ఇక్కడి నుంచి బట్టలూ తుపాకిమందుతో పాటు మనుషులను కూడా ఎగుమతి చేసింది. కరువుల్లో, యుద్ధాల్లో చిక్కిన వేలమందిని బానిసలుగా బటేవియాకు ఓడల్లో తరలించింది. ఆ సొమ్ముతో వృద్ధిలోకి వచ్చినవారు ఆదివారం గుడికి వెళ్ళేవారే. వారి సంపదను ఎవరి ఆశీర్వాదమనాలి?

అపోహ: దశమభాగం ఇవ్వకపోతే రక్షణ పోతుంది.

ధర్మశాస్త్రంలో దశమభాగం ప్రధానంగా ధాన్యం, ద్రాక్షారసం, నూనె, పశువుల మందల మీద. అది సొంత భూమి లేని లేవీయుల పోషణకు. మూడేళ్ళకోసారి పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తినడానికి ఊళ్ళోనే ఉంచాలని ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చెబుతుంది. అంటే అందులో పేదలు ఇచ్చేవారికన్నా ఎక్కువగా పుచ్చుకునేవారు. కొన్ని సంఘాలు నేటికీ దీన్ని విధిగా బోధిస్తాయి, కొన్ని మంచి కొలతగా మాత్రమే చూస్తాయి. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు పెట్టిన నియమం వేరు: ఎవరికున్నదాన్ని బట్టి వారు, బలవంతం లేకుండా, సంతోషంగా ఇవ్వాలి. రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడి, పులికాట్ సరస్సులోకి సముద్రపు నీరు రాక వల ఖాళీగా లేచే రోజుల్లో జాలరి కుటుంబానికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

అపోహ: కరువులో గంజి కోసమే మతం మారారు.

1876–78 నాటి మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. దక్షిణాన పులికాట్ సరస్సు మీదుగా సాగే కాలువ ఇదే. పని దొరకడానికి మతంతో నిమిత్తం లేదు. అంతకన్నా ముఖ్యం, సాయం సాగినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం పంచడం ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువులో అందిన ఆదరణ వారి మనసు మీద పనిచేయలేదని ఎవరూ అనలేరు. కానీ మాదిగ పల్లెల్లో ఈ ఉద్యమం యర్రగుంట్ల పేరయ్యతో కరువుకు పదేళ్ళ ముందే మొదలైంది. అంటరానితనం నుంచి బయటపడి మనిషిగా నిలబడాలన్న కోరికను గంజి లెక్కలోకి కుదించడం ఆ ప్రజలకు అన్యాయం.

అపోహ: ఇక్కడి సంఘాలు విదేశీ డబ్బుతోనే బతికాయి.

బడులకూ ఆస్పత్రులకూ విదేశీ సాయం పెద్దదే. దాని పక్కనే మరో ఆనవాయితీ పెరిగింది. వంటకు బియ్యం కొలిచాక, ఎసట్లో పోసే ముందు, ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేస్తుంది. వారమంతా కూడిన ఆ పిడికిలి బియ్యం ఆదివారం మందిరానికి చేరుతుంది. కోతకాల పండుగ నాడు గుమ్మడికాయలు, కోడిపుంజులు, గుడ్లు, కొత్త ధాన్యం తెచ్చి వేలం వేస్తారు. అంగడిలో దొరికే వస్తువునే అంతకు రెండింతలు పెట్టి పాడుకుంటారు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయకం అజరయ్య పేద సంఘాలకూ ఇవ్వడం నేర్పాలని పట్టుబట్టాడు. ఇచ్చేవాడికి గౌరవం ఉంటుందన్నది ఆయన నమ్మకం.

అపోహ: కానుక లెక్క అడగడం అవిశ్వాసం.

యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు పౌలు ఆ సొమ్మును ఒక్కడే మోయలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా, సంఘాలే ఎన్నుకున్న మనుషులను వెంట పంపించాడు. దేవుని ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా సవ్యంగా ఉండాలని కారణం చెప్పాడు. విధవరాలి రెండు కాసులను యేసు మెచ్చుకున్న కథకు ముందు వాక్యంలోనే, విధవల ఇళ్ళను మింగేసే మతపెద్దలను తీవ్రంగా ఖండించాడు. కాబట్టి సంఘ సభ్యుడికి జమాఖర్చులు చూపించడం పాస్టరు దయ కాదు, ఆయన బాధ్యత.