కారు బేరంలో కాగితం, మాట

దసరా దగ్గర పడుతున్నదంటే గోదావరిఖని చౌరస్తాలో, యైటింక్లైన్ కాలనీ గేటు దగ్గర, ఎన్టీపీసీ రోడ్డు మీద కార్ల కంపెనీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. కారణం అందరికీ తెలిసిందే. సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా అందే కాలం అది. 2024లో లాభాల్లో 33 శాతంగా 796 కోట్ల రూపాయలు, 2025లో 34 శాతంగా 819 కోట్ల రూపాయలు కార్మికులకు పంచారు. 2025లో ఒక్కొక్క పర్మనెంట్ కార్మికునికి సగటున 1,95,610 రూపాయలు వచ్చాయి. తరువాత దీపావళి బోనస్ వేరే.

భూగర్భంలో చెమటోడ్చి సంపాదించిన సొమ్ము అది. కుటుంబాన్ని ఎక్కించుకొని కరీంనగర్‌కో, హైదరాబాదుకో సొంత కారులో వెళ్ళాలన్న కోరిక న్యాయమైనదే. కాని ఆ సొమ్ము చేతికి వచ్చిన వారంలోనే షోరూము మెట్లెక్కి, అక్కడివారు చూపిన చోటల్లా సంతకం పెట్టి వచ్చే కుటుంబాలు మన కాలనీల్లో తక్కువేమీ లేవు. కూరగాయల మార్కెట్లో అయిదు రూపాయల దగ్గర గంటసేపు బేరమాడే మనం పన్నెండు లక్షల కారు దగ్గర నోరు విప్పలేకపోవడం విచిత్రం కాదా?

బేరం నామోషీ కాదు

కొందరు పెద్దమనుషులకు బేరమాడటమంటే చిన్నతనం. నిజానికి వాహనం విషయంలో బేరమాడిన గొప్ప ఉదాహరణ మన చరిత్రలోనే ఉంది. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో జాబిర్ (రజి) ఒంటెను కొనడానికి బేరమాడారు. ఇరువురూ ధర ఒప్పుకున్నారు. మదీనా చేరేవరకు ఆ ఒంటె మీదనే ప్రయాణం చేస్తానని జాబిర్ (రజి) షరతు పెట్టారు, దానికీ ఒప్పుకున్నారు. మదీనా చేరిన తరువాత ప్రవక్త (స) ధర మొత్తం చెల్లించి, ఒంటెను కూడా ఆయనకే తిరిగి ఇచ్చివేశారు. ధర, అప్పగించే చోటు, షరతు - మూడూ ముందే తేలాయి. ఔదార్యం ఆ తరువాత వచ్చింది.

మదీనాలో ధరలు పెరిగినప్పుడు ప్రజలు ధరలు నిర్ణయించమని కోరితే ప్రవక్త (స) అందుకు అంగీకరించలేదని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. అమ్మేవాడు, కొనేవాడు ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నదే ధర. అయితే ఆ ఇష్టం తెలిసి కలిగినదై ఉండాలి. ధాన్యం రాశి అడుగున తడి గింజలు దాచిన వర్తకుణ్ణి ఆయన మందలించిన సంఘటన ప్రసిద్ధమే. నేటి షోరూములో ఆ తడి గింజలు కారులో ఉండవు, కాగితంలో ఉంటాయి.

ఏ కారు, ఎంత పన్ను

మొదట తెలుసుకోవలసింది పన్నుల సంగతి. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న కార్లకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం. డిజైర్, అమేజ్, ఆరా వంటి చిన్న సెడాన్‌లు ఈ కోవలోకి వస్తాయి. హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ వంటి మధ్యతరహా సెడాన్‌లు నాలుగు మీటర్లు దాటినవి. వీటిలో 1500 సీసీ లోపు వాటిపై అంతకుముందు 28 శాతం జీఎస్టీ, 17 శాతం సెస్సు కలిపి 45 శాతం ఉండేది. ఇప్పుడు సెస్సు లేకుండా 40 శాతం. అంటే వెనుక డిక్కీ ఉన్న కార్లన్నీ ఒక్కటి కావు. కాస్త పొడవు పెరిగితే పన్ను రెట్టింపుకు మించుతుంది. ఇంట్లో నలుగురే ఉండి, ఊళ్ళో తిరగడానికే అయితే ఏ తరహా కారు కావాలో ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. షోరూములో తేల్చుకుంటే పెద్దదే తేలుతుంది.

రాష్ట్రం వసూలు చేసే లైఫ్ ట్యాక్సు కూడా ధరను బట్టే మారుతుంది. తెలంగాణలో అయిదు నుంచి పది లక్షల మధ్య ధర ఉన్న కారుకు 14 శాతం. పది లక్షలు దాటగానే పై శ్లాబు వర్తిస్తుంది. కాబట్టి 9 లక్షల 90 వేల మోడలుకూ, 10 లక్షల 10 వేల మోడలుకూ తేడా ఇరవై వేలే అనుకోరాదు.

కాగితంలో ప్రతి గీతనూ చదవాలి

సేల్స్‌మన్ చేతి రాతతో, "ఆన్‌రోడ్ ఇంత సార్" అని ఒకే అంకె చూపిస్తాడు. అది చాలదు. గీత గీతగా విడగొట్టి, షోరూము ముద్రతో కొటేషన్ ఇవ్వమని అడగాలి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వ ఆయత్, అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోవడం గురించినదేనన్న విషయం మనకు గుర్తుండాలి.

ఆ కాగితంలో ఎక్స్‌షోరూము ధర, లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు, ఫాస్టాగ్ - ఇవి అందరికీ దాదాపు ఒకటే. మూడు షోరూముల కాగితాలు పక్కపక్కన పెడితే తేడా ఉన్న గీతలు కనిపిస్తాయి. బేరం అక్కడే ఉంది.

ఇన్సూరెన్సు: కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. 1000 నుంచి 1500 సీసీ కార్లకు ఆ మూడేళ్ళ ప్రీమియం 2022లో 10,640 రూపాయలుగా ప్రకటించారు. ఈ భాగం ప్రభుత్వం నిర్ణయించేది, దీనిలో బేరం లేదు. సొంత కారు నష్టానికి చేసే బీమా మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. షోరూము చెప్పిన చోటనే చేయాలన్న నియమం లేదు. బయట ఒకటి రెండు కంపెనీల ధర తెలుసుకొని వెళితే అదే షోరూము తగ్గిస్తుంది. పాత కారు ఉండి, దానిపై క్లెయిము చేయనివారు నో క్లెయిమ్ బోనస్‌ను కొత్త కారుకు మార్చుకోవచ్చు. అది 20 నుంచి 50 శాతం వరకు ఉంటుంది. చాలామంది దీన్ని అడగనే అడగరు.

హ్యాండ్లింగ్ చార్జీలు: కారును షోరూముకు చేర్చడం, శుభ్రం చేయడం అమ్మేవాని పని. ఈ గీత కనిపిస్తే, "ఇది ఏ ఉత్తర్వు ప్రకారం?" అని మర్యాదగా అడగండి. చాలాచోట్ల ఆ ఒక్క ప్రశ్నతోనే అది చెరిగిపోతుంది.

యాక్సెసరీలు, కోటింగు, అదనపు వారంటీ: మ్యాట్లు, సీటు కవర్లు, బాడీకి కోటింగు ఒక ప్యాకేజీగా చూపి తప్పనిసరి అన్నట్టు మాట్లాడతారు. ఏదీ తప్పనిసరి కాదు. అదనపు వారంటీ కొందరికి పనికివస్తుంది. అది తీసుకునేదీ లేనిదీ ధర తేలిన తరువాత మాట్లాడుకోవాలి.

టీసీఎస్: పది లక్షలు దాటిన కారుపై ఒక శాతం పన్ను షోరూమువారు వసూలు చేసి మన పాన్ నంబరు మీద జమ చేస్తారు. ఇది పోయిన సొమ్ము కాదు. ఆదాయపు పన్ను రిటర్నులో చూపిస్తే సర్దుబాటు అవుతుంది, లేదా వాపసు వస్తుంది. సింగరేణి ఉద్యోగులు ఎలాగూ రిటర్ను వేస్తారు. పన్నెండు లక్షల కారు మీద ఇది పన్నెండు వేలు.

డిస్కౌంటు ఇవ్వడం డీలరు హక్కు

"మా కంపెనీ ఇంతకంటే తగ్గించనివ్వదు సార్" అన్న మాట తరచు వినిపిస్తుంది. ఈ విషయం దేశంలో పెద్ద వివాదమే అయింది. డీలర్లు తమంతట తాము అదనపు డిస్కౌంటు ఇవ్వకుండా కట్టడి చేసిందని, కొనుగోలుదారుల వేషంలో మనుషులను పంపి తనిఖీ చేయించిందని తేల్చి, 2021 ఆగస్టు 23న కాంపిటీషన్ కమిషన్ మారుతీ సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ కంపెనీ అప్పీలుకు వెళ్ళగా అదే ఏడాది నవంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. అంతకుముందు 2017లో హ్యుందాయ్‌పై ఇటువంటి ఆరోపణతోనే వేసిన 87 కోట్ల జరిమానాను 2018లో ట్రిబ్యునల్ కొట్టివేసింది. కోర్టుల సంగతి ఎలా ఉన్నా ఒకటి స్పష్టం. డీలర్ల మధ్య పోటీ ఉంటేనే కొనేవానికి మేలు. కాబట్టి మంచిర్యాలలో అడిగిన ధరతో ఆగిపోక, కరీంనగర్‌లోనూ అడగాలి. అరవై కిలోమీటర్ల బస్సు ప్రయాణానికి అయ్యే ఖర్చు వృథా పోదు.

అబద్ధం లేని బేరం

ఇక్కడ మన వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. "పక్క షోరూమువాడు నలభై వేలు తగ్గిస్తానన్నాడు" అని లేని మాట పుట్టించడం మనలో చాలామందికి తెలివితేటలుగా కనిపిస్తుంది. అది అబద్ధమే. వర్తకుడు అబద్ధమాడితే పాపమని ఎంచే మనం కొనేటప్పుడు మనకు మినహాయింపు ఇచ్చుకోలేము. నిజమైన కొటేషన్ చేతిలో ఉంటే అబద్ధంతో పని లేదు. పైగా సేల్స్‌మన్లు రోజూ ఇలాంటి మాటలు వినేవారే. కాగితం చూపినవాని మాటకే బరువు.

వారి వైపు కూడా ఒక పాత ఎత్తు ఉంది. "ఈ రంగులో ఇదొక్కటే బండి సార్, సాయంత్రం ఇంకొకాయన వస్తున్నాడు" అంటారు. నిజంగా కొనే ఉద్దేశం లేనివాణ్ణి నిలబెట్టి ధర పెంచడాన్ని మన ఫిఖ్హ్‌లో నజష్ అంటారు, అది నిషిద్ధం. లేని కొనుగోలుదారుణ్ణి మాటతో సృష్టించడం కూడా ఆ దారిలోదే. దానికి జవాబు కోపం కాదు. "ఆయనకే ఇవ్వండి బేటా, మేము ఇంకో బండి వచ్చేదాకా ఆగుతాం" అంటే చాలు. ఆ కుర్రవాడూ ఎవరో మన కాలనీ కార్మికుని కొడుకే కావచ్చు. నెలాఖరు టార్గెటు అతని మెడ మీద ఉంటుంది. అతణ్ణి అవమానించి సాధించేది ఏమీ లేదు. తగ్గించే అధికారం మేనేజరుది కాబట్టి ఆయనతో మాట్లాడించమని కోరవచ్చు.

పాత కారు ఇచ్చి కొత్తది తీసుకునేవారు రెండు బేరాలను కలపరాదు. కొత్త కారు ధర పూర్తిగా తేలిన తరువాతే పాతదాని మాట ఎత్తాలి. లేకుంటే ఇక్కడ తగ్గించినది అక్కడ లాగుతారు.

ఎప్పుడు కొనాలి

దసరాకు గిరాకీ ఎక్కువ. అడిగేవారు ఎక్కువైనప్పుడు తగ్గించేవారు తక్కువ. ఆషాఢంలో చాలామంది వాహనాలు కొనరు కనుక అప్పుడు బేరానికి చోటుంటుంది. నెలాఖరులోనూ, డిసెంబరులోనూ అంతే. డిసెంబరు కారుకు ఒక చిక్కు ఉంది. నెల గడిస్తే అది పోయిన సంవత్సరం కారు అవుతుంది, రేపు అమ్మేటప్పుడు ధర తగ్గుతుంది. పదేళ్ళు వాడుకునేవారికి అది నష్టం కాదు. మూడు నాలుగేళ్ళకు మార్చేవారు ఆలోచించాలి. మన ఇళ్ళలో కొందరు సఫర్ నెలలో, ముఖ్యంగా తేరా తేజీ రోజుల్లో, ఏదీ కొనరు. సఫర్‌లో అపశకునం లేదని ప్రవక్త (స) స్పష్టం చేసి ఉండగా ఈ భయానికి ఆధారం లేదు. బోనస్ డబ్బును మూడు నెలలు ఆపుకోగలిగినవాడే బేరంలో బలవంతుడు.

ఈఎంఐ మాటున దాగిన ధర

"నెలకు ఎంత కట్టగలరు సార్?" అని అడిగితే జాగ్రత్త పడాలి. ఎనిమిది లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ అనుకుందాం. మూడేళ్ళలో తీరిస్తే నెలకు సుమారు 25,440 రూపాయలు, మొత్తం వడ్డీ దాదాపు లక్షా 16 వేలు. ఏడేళ్ళకు పొడిగిస్తే నెలకు 12,870 రూపాయలే, కాని వడ్డీ 2 లక్షల 81 వేలకు చేరుతుంది. నలభై వేల డిస్కౌంటు కోసం గంట వాదించి, ఇక్కడ లక్షా అరవై అయిదు వేలు వదులుకున్నట్టే. సింగరేణిలో పదవీ విరమణ వయస్సు 61. యాభై ఆరేళ్ళకు ఏడేళ్ళ అప్పు తీసుకున్నవాడు చివరి రెండేళ్ళ వాయిదాలు పింఛను నుంచి కట్టాలి.

వడ్డీ విషయంలో ధర్మం ఏమి చెబుతుందో మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. రెండు మూడు బోనస్‌లు కూడబెట్టి, కొంచెం చిన్న కారును నగదుతో కొన్న కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. వారి కారు పొడవు తక్కువే, నిద్ర మాత్రం ఎక్కువ. నగదు ఇస్తానంటే షోరూము ఎక్కువ తగ్గిస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. అప్పు ఇప్పిస్తే షోరూముకు కమీషను వస్తుంది. కాబట్టి ధర తేలేవరకు చెల్లింపు మాట ఎత్తకపోవడమే మంచిది.

డబ్బు కట్టే ముందు

బుకింగు సొమ్ము కంపెనీ ఖాతాకే కట్టి రసీదు తీసుకోవాలి. మోడలు, రంగు, ఒప్పుకున్న ధర, డెలివరీ తేదీ, రద్దు చేస్తే ఎంత వాపసు అన్నవి దాని మీద రాయించాలి. పూర్తి సొమ్ము కట్టేముందు పగటి వెలుతురులో కారును చూడాలి. తయారైన నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు, తిరిగిన కిలోమీటర్లు, టైర్లు, పెయింటు పరిశీలించాలి. ఇన్వాయిసులోని ఛాసిస్ నంబరు కారు మీది దానితో కలవాలి. ఒప్పందం తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అక్కడా తేలకుంటే కరీంనగర్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయిదు లక్షల వరకు విలువ గల ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. అక్కడ నిలిచేది నోటి మాట కాదు, పైన చెప్పిన కాగితాలే.

చదువుకున్న యువకులకు ఒక విన్నపం. మీ వీధిలో గనిలో పనిచేసే పెద్దాయన కారు కొంటున్నారని తెలిస్తే, జుమా నమాజు తరువాత ఆయన దగ్గర కాసేపు కూర్చోండి. మూడు కొటేషన్లు ముందు పరిచి, ఏ గీత ఎందుకో వివరించండి. వీలైతే షోరూముకు తోడుగా వెళ్ళండి. ఎర్ర రిబ్బను కట్టిన కొత్త బండి ముందు ఫోటోలో నిలబడేవారు చాలామంది ఉంటారు. సంతకానికి ముందు ఆ కాగితం చదివి పెట్టే మనిషే ఆయనకు కావాలి.